పదిహేడో అధ్యాయానికి కుట్లు

నెలకోసారి, అలలు ఒప్పుకుంటే,
చిలోయే దీవుల మధ్య పుస్తకాల పడవ నడుపుతాను.
ఇంజను పాతది, దగ్గుతుంది.
అరలకు అడ్డంగా తాళ్లు కట్టకపోతే
నిఘంటువులు ఎప్పుడో చేపల పాలయ్యేవి.

నా దగ్గర అన్నిటికంటే నలిగిన పుస్తకం
పిల్లల సాహస నవల ఒకటి.
అక్కా తమ్ముడూ, దొంగిలించిన పడవ,
మునిగిపోయిన చర్చి గంట కోసం వేట.
అట్ట మీద తిమింగలం ఉంటుంది గానీ
లోపలెక్కడా తిమింగలం రాదు.
ఆ మోసాన్ని పిల్లలు క్షమించేశారు.
పదిహేడో అధ్యాయాన్ని మాత్రం క్షమించలేదు.

అందులో తమ్ముడు చచ్చిపోతాడు.
విలన్ చేతిలో కాదు, తుఫానులోనూ కాదు.
నీళ్లు అద్దంలా పరుచుకున్న మధ్యాహ్నం,
కేకేస్తే ఒడ్డుకు వినబడేంత దగ్గర్లో.

మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు:
"వెళ్లకురా."
"గాడిదా, వెనక్కి తిప్పు."
ఒకచోట మాటల్లేవు,
కాగితం ఉబ్బి ఆరిన గుండ్రటి మచ్చ.
ఉప్పునీళ్లే. సముద్రానివో కావో నేనడగలేదు.

పోయిన శీతాకాలం ఆ పుస్తకం
బస్తియాన్ వెంచుర్ ఇంటి నుంచి తిరిగొచ్చింది.
పదమూడేళ్లవాడు.
తండ్రి ఆల్చిప్పల కోసం మునిగే మనిషి.
మార్చిలో మునిగాడు. అంతే.

పదిహేడో అధ్యాయం పేజీలన్నీ
వల అల్లే సూదితో, నైలాన్ దారంతో
అంచు పొడవునా కలిపి కుట్టేసి ఉన్నాయి.
తెరచాపకు వేసే కుట్టు. గాలి కూడా దూరదు.

నిబంధన ప్రకారం జరిమానా రాయాలి.
రసీదు పుస్తకం తెరిచాను, కలం విదిలించాను,
"వాతావరణం బాగాలేదు" అని రాసి మూసేశాను.

తర్వాతి దీవిలో యాస్నా బార్రియా తీసుకుంది.
"కుట్లున్నాయి, చూసుకో" అన్నాను.
"పదహారు నుంచి పద్దెనిమిదికి గెంతుతా" అంది.
గెంతలేదు.
తిరిగొచ్చేసరికి నైలాన్ పోయి ఎర్ర ఉన్ని ఉంది.
విప్పి, చదివి, మళ్లీ కుట్టింది.
ఆ తర్వాత నల్లదారం.
ఆ తర్వాత ఎవరిదో బూటు లేసు.
ఇప్పుడా పుస్తకం సరిగా మూసుకోదు,
వాచిన మోకాలిలా ఉంటుంది.

వసంతంలో బస్తియాన్ రేవులో నిలబడ్డాడు.
పుస్తకం అడిగి తీసుకున్నాడు,
రంగురంగుల కుట్లు తడిమాడు, ఒక్కటీ విప్పలేదు.
వెనక్కి, మూడో అధ్యాయానికి వెళ్లాడు.

అక్కడ నిజానికి ఏమీ జరగదు.
రొట్టె తింటారు, పేకాడతారు.
"పడవ అడుగు చూశావా?" అంటుంది అక్క.
తమ్ముడు, చేతిలో మంచి ముక్కలున్నాయని
లేవబుద్ధి కాక, "చూశాలే" అంటాడు.

మూడక్షరాలు.
నవలంతా వాటి మీదే తేలుతోందని
ఇన్నేళ్లు మోసిన నాకే తెలియలేదు.
చేతులు కాలాక ఆకులు వెతికేదాన్ని నేనూ.

"గాలిగొట్టం చూసుకున్నావా అని అమ్మ అడిగితే
నాన్న కూడా ఇదే అన్నాడు"
బంగాళాదుంపల ధర చెప్పినట్టు చెప్పాడు వాడు.
"నేను తప్పు చోట కుట్టాను."

జేబులోంచి సూది తీశాడు.

ఇక్కడ కుడితే ఆ తమ్ముడు బతుకుతాడా?
ఈ మాట కనబడకపోతే
పదిహేడు పిడుగులా ఊరికే వచ్చి పడుతుంది,
అందరూ దేవుడి మీదకో సముద్రం మీదకో తోసేస్తారు.
ఇవేవీ నా నోట రాలేదు.
"ఉండు, ఇంజను ఆపేస్తా,
పడవ అదిరితే వేలికి గుచ్చుకుంటుంది" అన్నాను.

చాలాసేపు కూర్చున్నాడు. సూది దించలేదు.
ఆ మూడక్షరాల కింద గోటితో గీత గీశాడు.
సిరా లేని గీత,
పేజీని వెలుతురుకు ఏటవాలుగా పడితేనే కనబడుతుంది.

దిగబోతూ ఆగాడు.
"మీ పడవ అడుగు చూశారా?"

చూశా, అనబోయి
లాంతరు అందుకుని
కాళ్ల కింది పలక ఎత్తాను.